పదిహేనువందల ఏండ్ల పెండ్లికొడుకు

తెలుగు పాఠం చెప్పుకుని బతికే అధ్యాపకుడు ఒక ఇంగ్లీషు నవల మీద కలమెత్తడం దేనికని మిత్రులు అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. ఒక తరం ఏమి ఆలోచిస్తున్నదో పాఠ్యప్రణాళిక చెప్పదు. ఆ తరం తలగడ కింద ఏ పుస్తకం ఉన్నదో అది చెపుతుంది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో డిగ్రీ చదివే పిల్లలలో, తెలుగు నవల చేతపట్టనివారు సైతం, ఇంగ్లీషులో వచ్చే ఒక తరహా నవలలను రాత్రి తెల్లవార్లూ ఫోను తెరమీద చదువుతున్నారు. పాత రాతికట్టడపు విశ్వవిద్యాలయం, కొవ్వొత్తి వెలుగు, తోలు అట్టల పుస్తకాలు, వాటి నడుమ ఒక రక్తపిశాచి, ఆ రక్తపిశాచి మీద వలపు. ఇవీ ఈ తరహాకు లక్షణాలు. ‘డార్క్ అకడేమియా’ అని దీనికి పేరు. చీకటి విద్యాలయం అందాం.

డోనా టార్ట్ 1992లో రాసిన ‘ది సీక్రెట్ హిస్టరీ’ని చీకటి విద్యాలయ శాఖకు ఆద్యగ్రంథమంటారు. పిశాచవలపునకు స్టెఫెనీ మేయర్ 2005లో ప్రారంభించిన ‘ట్వైలైట్’ వరుస రాజమార్గం వేసింది. ఈ రెండు పాయలూ కలిసినచోట నిలిచిన నవల డెబోరా హార్క్‌నెస్ రచించిన ‘ఎ డిస్కవరీ ఆఫ్ విచెస్’. 2011లో వెలువడింది. 2012లోనూ 2014లోనూ తరువాయి భాగాలు వచ్చి త్రయమయింది. 2018 నుంచి 2022 దాకా టెలివిజన్ నాటకమై నడిచింది. ఇది అధమమైనదని నేను దీనిని ఎంచుకోలేదు. తన తరహాలో మేలైనదని పేరు తెచ్చుకున్నది గనుకనే ఎంచుకున్నాను. అధమరచనను చితకగొట్టినంత మాత్రాన విమర్శకుడు వీరుడు కాడు. మేలైనదే మనను నిరాశపరచినప్పుడు ఆ నిరాశకు కారణం వెదకడం విమర్శకుని విధి.

రచయిత్రి సామాన్యురాలు కాదు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యులు. విజ్ఞానశాస్త్ర చరిత్ర ఆమె రంగం. 2007లో ఆమె ప్రకటించిన ‘ది జ్యూయల్ హౌస్’ అనే చరిత్రగ్రంథం ఎలిజబెత్ రాణి కాలంనాటి లండను మీద రాసినది. విజ్ఞానశాస్త్రం ఒకరిద్దరు మహానుభావుల తలలో పుట్టలేదనీ, మందులు నూరేవారు, తోటలు పెంచేవారు, పనిముట్లు చేసేవారు, పేరు లేని వందలాదిమంది చేతులలో పుట్టిందనీ ఆ గ్రంథం వాదన. అప్పుల కారణంగా చెరసాల పాలై, అక్కడే రసవాద ప్రయోగాలను పుస్తకాలకెక్కించుకున్న క్లెమెంట్ డ్రేపర్ అనే వర్తకుని కథ అందులో ఉన్నది. అటువంటి గ్రంథం రాసిన మనిషి నవల రాస్తున్నదంటే మనం ఎంత ఆశపడాలి! ఆ ఆశ ఎక్కడ మట్టిగొట్టుకుపోయిందో చెప్పడమే ఈ వ్యాసం పని.

కథ టూకీగా ఇది. డయానా బిషప్ రసవాద చరిత్ర చదివిన పండితురాలు. 1692లో అమెరికాలోని సేలెం పట్టణంలో మంత్రగత్తె అన్న నెపంతో మొట్టమొదట ఉరితీయబడిన బ్రిడ్జెట్ బిషప్ వంశంలో పుట్టింది. ఆ వంశవిద్యను కాదనుకుని చదువునే నమ్ముకున్నది. ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఆష్మోల్ 782 అనే రాతప్రతిని తెప్పించుకుంటుంది. ఆ ప్రతికి ఏదో మంత్రబంధం ఉన్నదని గ్రహించి వెంటనే తిరిగి పంపివేస్తుంది. మరునాటినుంచి ఆ చదువుగదిలో మంత్రగత్తెలూ రక్తపిశాచాలూ ఇతర భూతగణాలూ గుమిగూడతాయి. వారిలో మాథ్యూ క్లెర్‌మాంట్ ఒకడు. వయసు పదిహేనువందల ఏండ్లు, చూపుకు ముప్పైయేడు. జీవరసాయన శాస్త్రజ్ఞుడు. ఆల్ సోల్స్ కళాశాలలో ఫెలో. తరువాత వలపు, ఫ్రాన్సులోని అతని కోటకు ప్రయాణం, అత్తగారి అతిశయం, శత్రువులు ఎత్తుకుపోవడం, చివరకు కాలంలో వెనక్కు నడిచి 1590కి పారిపోవడం. మధ్యలో పిశాచాలూ మంత్రగత్తెలూ ఒకే గదిలో చేరి యోగాసనాలు వేసే ఘట్టం కూడా ఒకటి ఉన్నది. దానిని చదివి తెలుగు పాఠకుడు నవ్వుకుంటే నేను కాదనను.

ఇక్కడ ఒక మాట స్పష్టం చేయాలి. దయ్యాలు ఉన్నాయి గనుక నవల చెడ్డదనే వాదం నాది కాదు. అద్భుతాన్ని సాహిత్యం నుంచి బహిష్కరించాలనే వారు మన సొంత కథాసంప్రదాయాన్నే బహిష్కరించవలసి వస్తుంది. చెట్టుకు వేలాడే శవంలోని బేతాళుడు మనవాడే. పదకొండవ శతాబ్దంలో సోమదేవుడు ‘కథాసరిత్సాగరం’లో చేర్చిన ఆ కథలను ‘చందమామ’ దశాబ్దాల తరబడి తెలుగు పిల్లలకు అందించింది. ఆ శవం ఏమి చేస్తుంది? రక్తం తాగదు. ప్రశ్న అడుగుతుంది. తెలిసి చెప్పకపోయావో తల వెయ్యిచెక్కలవుతుందంటుంది. చచ్చినవాడు బతికున్నవాణ్ణి న్యాయాన్యాయాల మీద పరీక్షించడం, చదువుకు అంతకంటె గొప్ప చీకటి రూపకం నాకు కనపడలేదు. దయ్యాన్ని నేను కాదనడం లేదు. ప్రశ్న అడగని దయ్యాన్ని కాదంటున్నాను.

నవలలోని మొదటి లోపం అదే. ఇది పుస్తకం చుట్టూ తిరిగే కథ, కాని పుస్తకం చదివేవారు ఇందులో లేరు. ఆష్మోల్ 782 కల్పితం కాదు. పదిహేడవ శతాబ్దపు సేకరణకర్త ఎలియాస్ ఆష్మోల్ ప్రతులలో ఆ సంఖ్య గలది నిజంగానే కనపడకుండా పోయింది. ఎంత చక్కని బీజం! పోయిన పుస్తకంలో ఏమున్నది? ఎవరు రాశారు? ఎవరికి భయపడి దాచారు? ఆరువందల పేజీలకు దగ్గరగా సాగిన ఈ మొదటి నవల ఆ ప్రశ్నలను పక్కనబెట్టి, నాయకుడు తాగే మద్యం రుచి వర్ణిస్తుంది, అతని ఒంటి సువాసన వర్ణిస్తుంది, అతని ఉన్ని చొక్కా రంగు వర్ణిస్తుంది. నాయిక తన జీవితమంతా రాతప్రతులకు అంకితం చేసిన పండితురాలని రచయిత్రి మనకు చెపుతుంది. ఆమె చేతికి లోకంలో ఎవరికీ దొరకని ప్రతి దొరికితే చదవదు, నకలు రాసుకోదు, తిప్పి పంపేస్తుంది. నాయకుడు ప్రవేశించాక ఆమె పరిశోధన అటకెక్కుతుంది. చదువు ఇందులో నగవంటిది. పెండ్లికూతురి మెడలో వేసి చూపడానికే ఉన్నది.

దీని పక్కన గుణాఢ్యుని కథ పెట్టి చూడండి. మన కథాసాహిత్యానికి పునాదిరాయి అయిన ‘బృహత్కథ’ పుట్టుక గురించి సోమదేవుడు చెప్పిన కథ అది. శాతవాహన రాజు జలక్రీడలో రాణి అన్న సంస్కృతపు మాట తెలియక, నీళ్లు చల్లవద్దంటే ఉండ్రాళ్లు తెప్పించి నవ్వులపాలవుతాడు. ఆస్థాన పండితుడు గుణాఢ్యుడు ఆరేండ్లలో వ్యాకరణం నేర్పుతానంటాడు. శర్వవర్మ ఆరు నెలలు చాలునంటాడు. పందెంలో ఓడిన గుణాఢ్యుడు తనకు వచ్చిన మూడు భాషలూ వదలి అడవికి పోతాడు. అక్కడ పిశాచాల నోట విన్న పైశాచీభాషలో ఏడులక్షల శ్లోకాల కథ రాస్తాడు. సిరా లేక తన రక్తంతో రాస్తాడు. పిశాచభాషలో రక్తంతో రాసినదని రాజు తిరస్కరిస్తాడు. గుణాఢ్యుడు నిప్పు రాజేసి, ఒక్కొక్క ఆకూ మృగాలకు చదివి వినిపించి కాల్చివేస్తాడు. మేత మాని వింటున్న మృగాల మాంసం ఎండిపోయి, అది తిన్న రాజు జబ్బుపడి, కారణం తెలుసుకుని పరుగెత్తుకు వచ్చేసరికి ఒక్క లక్ష మిగులుతుంది.

విద్యాలయం ఉన్నది, పండితుల పోటీ ఉన్నది, పిశాచాలున్నాయి, రక్తం ఉన్నది, కాలిపోయిన పుస్తకం ఉన్నది. చీకటి విద్యాలయానికి కావలసిన సామగ్రి అంతా అందులో ఉన్నది. కాని తేడా చూడండి. అక్కడ పండితుడు తన రక్తం ఇచ్చి పుస్తకం రాశాడు. ఇక్కడ పండితుడు ఒకరి రక్తం తాగి పుస్తకాలు కూడబెట్టాడు. అక్కడ రాజాస్థానం ఏ భాషను నీచమన్నదో ఆ భాషలో కథ నిలిచింది. ఇక్కడ కథ అంతా రాజాస్థానానికి కోడలుగా పోవడం గురించి.

రెండవ లోపం ఆ వలపు స్వరూపం. బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ 1897లో అచ్చయింది. గురజాడ ‘కన్యాశుల్కం’ మొదటి కూర్పు అచ్చయినది సరిగ్గా ఆ సంవత్సరమే. రెండింటికీ సంబంధం లేదంటారేమో, నేను ఉన్నదంటాను. లండనులోనూ విజయనగరంలోనూ ఒకే ఏడు ఇద్దరు రచయితలు ఒకే సంగతి చెప్పారు. ముసలిదై చావవలసిన ఒక వ్యవస్థ పడుచురక్తం తాగి బతకజూస్తున్నదని చెప్పారు. డ్రాకులా పాతకాలపు ప్రభువు. తన సీమలో పీల్చడానికి ఏమీ మిగలక, ఇంగ్లీషు చట్టం చదువుకుని, దస్తావేజులు రాయించి, లండను దాపున భూమి కొనుక్కుని దిగుతాడు. లుబ్ధావధాన్లు ముసలివాడు, ధనికుడు, పిసినారి. సుబ్బి అనే చిన్నపిల్లను డబ్బిచ్చి కొనుక్కోబోతాడు. స్టోకర్ ఆ ముసలివాణ్ణి చూపి భయపెట్టాడు. గురజాడ నవ్వించాడు. భయమైనా నవ్వైనా పాఠకుణ్ణి ముసలివాడికి ఎదురుగా నిలబెట్టాయి.

నూటపదేండ్లు తిరిగాక హార్క్‌నెస్ నవల ఏమి చేసింది? ఆ ముసలివాడికి నల్లజుట్టూ విశాలమైన వక్షమూ ఆచార్యపదవీ ఇచ్చి, అతని పక్కన పాఠకురాలిని కూర్చోబెట్టింది. అతడు ఆమె నిద్రపోయే గదిలోకి అడగకుండా ప్రవేశించి చూస్తాడు. ఆమె ఎక్కడికి పోవాలో, ఎవరితో మాట్లాడాలో, ఏ సంగతి ఆమెకు తెలియవచ్చునో ఏది తెలియకూడదో తానే నిర్ణయిస్తాడు. పిశాచాచారం ప్రకారం తమకు పెండ్లి అయిపోయినట్లేనని ఆమెకు తరువాత తెలుస్తుంది. అతని కోపానికీ, అనుమానానికీ, కావలికీ నవల చెప్పే సమర్థన ఒక్కటే: అతడు వేటజంతువు, అది అతని జాతిస్వభావం. ఈ మాట మనకు కొత్త కాదు. మగవాడి స్వభావమే అంత, ఆడది సర్దుకుపోవాలని మన ఇండ్లలో నిత్యం వినపడే నీతే ఇది. మన ధర్మశాస్త్రకారులు సైతం ఎనిమిది విధాల వివాహాలను లెక్కించి పైశాచమనే పేరును అన్నిటికంటె కింద ఉంచారు. నాయకుడు అంతటి దుర్మార్గుడని నేను అనడం లేదు. ఆడదాని ఒప్పుదలను తరువాత చూసుకోవచ్చునన్న ఆచారానికి ఏ పేరు తగునో మాత్రం గుర్తుచేస్తున్నాను.

ఈ మాటలు తరగతిలో అన్నప్పుడు ఒక అమ్మాయి లేచి, “అట్లయితే మేం ఏం సదవాల సార్? దాంట్లో ఆయమ్మి మాటనన్నా ఒగడు ఇంటాండాడు. మా ఇండ్లల్లో ఎవురు ఇంటారు?” అన్నది. ఆ ప్రశ్నను నేను తేలికగా తీసుకోలేదు, ఎవరూ తీసుకోకూడదు. చదువు ముగిసీ ముగియక ముందే పెండ్లిచూపులకు కూర్చునే ఆడపిల్లకు, ఒక చదువుకున్న స్త్రీని ఒక చదువుకున్న పురుషుడు గ్రంథాలయంలో కలుసుకోవడమే పెద్ద కల. ఆమె కలను నేను తప్పుపట్టను. ఆ కలను అమ్ముకునేవారిని తప్పుపడతాను. “అమ్మా, అతడు ఆమె మాట వింటున్నాడా, ఆమె నాడి వింటున్నాడా? ఈసారి చదివేటప్పుడు లెక్క వేసి చూడు” అన్నాను. ఆ అమ్మాయి లెక్క వేసుకు వచ్చింది. ఆ లెక్క ఎవరికి వారే వేసుకోవచ్చు.

మూడవ లోపం అన్నిటికంటె పెద్దది. ఈ నవలకు రక్తం కనపడదు. రక్తపిశాచి నవలలో రక్తం కనపడకపోవడమేమిటి? వివరిస్తాను.

మాథ్యూ పుట్టుకతో ప్రభువు కాడు. ఆరవ శతాబ్దంలో ఒక పల్లెలో వడ్రంగమూ రాతిపనీ చేసుకునే కూలి. భార్యాబిడ్డలు జ్వరంతో పోయారు. తాను కడుతున్న చర్చి గోడ మీదినుంచి పడి చావుబతుకుల్లో ఉండగా ఆ సీమ దొరసాని తన రక్తమిచ్చి అతణ్ణి పిశాచిని చేసి కొడుకుగా చేసుకున్నది. రచయిత్రి ఈ సంగతి చెప్పి ముందుకు సాగిపోయింది. నేను అక్కడే ఆగిపోయాను. రాతిపనివాడు దొర అయినాడు! పదిహేనువందల ఏండ్లు దొరతనం చేసినవాడికి తన చేతులతో కట్టిన ఆ గోడ ఏమనిపిస్తుంది? కోటలో తన భోజనానికి తోటివారి చెమట ఎంత ఖర్చవుతున్నదో అతడు ఎప్పుడైనా లెక్కించాడా? కుప్పం రాతిని ‘కుప్పం గ్రీన్’ అనే పేరుతో అమ్ముతారు. ఆ రాతిని తవ్వి తెచ్చేవారి ఊపిరితిత్తులలో చేరే దుమ్మును ఏ పేరుతోనూ అమ్మరు. రాళ్లు కొట్టే ఇంటినుంచి వచ్చి డిగ్రీ చదివే పిల్లవాడు ఈ నవల తెరిస్తే, తన తండ్రివంటి మనిషి ఒక్క పేరాలో కనపడి, తరువాతి పేజీకి పట్టుచొక్కా తొడుక్కుని మాయమైపోతాడు. నవలలో నిజమైన నవల అక్కడ ఉన్నది. రచయిత్రి దానిని పాతిపెట్టి పైన కోట కట్టింది.

ఇక ఆల్ సోల్స్ కళాశాల సంగతి. నాయకుడు అక్కడ ఫెలో, ఈ త్రయానికే ఆ కళాశాల పేరు పెట్టారు. ఆ కళాశాల గ్రంథాలయం ఎవరి సొమ్ముతో లేచింది? 1710లో చనిపోయిన క్రిస్టఫర్ కాడ్రింగ్టన్ రాసి ఇచ్చిన పదివేల పౌన్లతోనూ అతని పుస్తకాలతోనూ లేచింది. కాడ్రింగ్టన్ సొమ్ము ఎక్కడిది? కరీబియన్ దీవులలో, బానిసలు చెరకు పండించిన తోటలది. మూడు శతాబ్దాలు ఆ గ్రంథాలయం అతని పేరు మోసింది. ఆ తోటలలో శ్రమించినవారి స్మారకంగా 2018లో గ్రంథాలయ ద్వారం దగ్గర ఒక ఫలకం పెట్టారు. 2020లో కళాశాల ఆ పేరు వాడడం మానుకున్నది. చదువుగది గోడలలోనే రక్తం ఉన్నదన్నమాట. రక్తం వాసన పసిగట్టడంలో ఆరితేరిన పిశాచి ఆ కళాశాలలో కాపురముండి, పక్కింటి పడుచు నాడి చప్పుడు వింటాడు గాని, ఆ పుస్తకాల అరలలోని రక్తం వాసన నవల కథను ఒక్క అంగుళం కదపలేదు. చరిత్ర ఆచార్యురాలి కలంనుంచి వచ్చిన నవలకు ఇంతకంటె పెద్ద నేరారోపణ నేను చేయలేను.

మూలధనాన్ని రక్తపిశాచితో పోల్చి మార్క్స్ 1867లోనే చెప్పాడు. బతికున్నవాడి శ్రమను పీలిస్తేగాని చచ్చిన శ్రమకు బతుకు లేదన్నాడు. అది అలంకారం కోసం వేసిన ఉపమానం కాదు. పనిగంటల గురించిన అధ్యాయంలో ఫ్యాక్టరీ తనిఖీదారుల నివేదికల నడుమ వేసిన ఉపమానం. మదనపల్లె టమోటా మార్కెట్టుకు రైతు బాక్సులు దించి, కమీషనూ తరుగూ కూలీ బాడుగా పోను చేతికి వచ్చిన చీటీ చూసుకుంటే, కోరలు లేకుండా కూడా రక్తం ఎట్లా పోతుందో ఏ అధ్యాయమూ చదవకుండానే అతనికి తెలుస్తుంది. నవలలోని పిశాచి పదిహేను శతాబ్దాల ఆస్తికి వారసుడు. ఆ ఆస్తి ఎట్లా పెరిగిందన్న ప్రశ్న నాయికకు రాదు. చరిత్ర చదివిన స్త్రీకి ఆ ప్రశ్న రాకపోవడం పాత్రపోషణలో లోపం మాత్రమే కాదు. నవల దృక్పథమే అది.

నాలుగవది పెండ్లి నిషేధం. నవలలో మూడు జాతులవారు ముగ్గురేసి చొప్పున తొమ్మండుగురు కూర్చునే ఒక సభ ఉన్నది. జాతి దాటి వలచుకోకూడదని దాని శాసనం. ఇది చదివిన మన పిల్లలకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. కులపంచాయతీని వారు పుట్టి పెరిగిన ఊళ్లలోనే చూశారు. పరువు పేరిట కన్నబిడ్డలను చంపుకున్న వార్తలు చదివారు. ఇక్కడైనా నవల నిప్పు ముట్టుకుంటుందా అని చూశాను. ముట్టుకోలేదు. నిషేధం దాటే ఇద్దరూ తమ తమ జాతులలో అత్యున్నత వంశాలవారు. ఒకరిది మంత్రగత్తెలలో మేటి రక్తం, మరొకరిది పిశాచాలలో ప్రభురక్తం. రెండు జమీందారీల నడుమ వియ్యం కుదిరితే అది కులనిర్మూలన కాదు. మూడవ జాతివారు పరివారంగా తిరుగుతారు. మామూలు మనుషుల మాట చెప్పనే అక్కరలేదు, వారు పక్కగదిలోని కుర్చీలు. నిషేధాన్ని ధిక్కరించినట్లు కనపడుతూ వంశగౌరవాన్ని మరింత గట్టిగా కౌగలించుకోవడం ఇందులోని కిటుకు.

ఇంతకూ రక్తపిశాచి అనే ఊహ ఎందుకు పుట్టింది? మా ప్రాంతంవారు దీనిని తెలుసుకోవాలి. 1892లో అమెరికాలోని రోడ్ ఐలండులో ఎక్సెటర్ అనే పల్లెలో ఒక రైతు కుటుంబం క్షయతో కరిగిపోయింది. తల్లి పోయింది, పెద్దకూతురు పోయింది, మెర్సీ బ్రౌన్ అనే చిన్నకూతురూ పోయింది. కొడుకు మంచం పట్టాడు. చచ్చినవారిలో ఒకరు లేచి వచ్చి అతని రక్తం పీలుస్తున్నారని ఊరివారు సమాధులు తవ్వారు. మెర్సీ గుండెను కాల్చి ఆ బూడిదను అన్నకు పట్టించారు. అతడూ పోయాడు. అప్పటికి పదేండ్ల ముందే, 1882లో, రాబర్ట్ కాక్ క్షయక్రిమిని లోకానికి చూపాడు. ఇంట్లో పిల్లలు ఒకరి తరువాత ఒకరు ఎందుకు పాలిపోయి, ఎందుకు నెత్తురు కక్కి చనిపోతున్నారన్న ప్రశ్నకు ఆ పల్లె చెప్పుకున్న జవాబే పిశాచి.

అదే ప్రశ్నకు మదనపల్లె దాపున ఆరోగ్యవరంలో వేరే జవాబు వచ్చింది. 1910ల నుంచి అక్కడ క్షయ శానటోరియం నడిచింది. డెన్మార్కునుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ మొదటి అధికారి. పొడిగాలి, విశ్రాంతి, ఆహారం, శస్త్రచికిత్స, తరువాత మందులు. దక్షిణదేశం నలుమూలలనుంచి రోగులు ఆ కొండగాలికి వచ్చారు. బీసీజీ టీకా మీద పెద్ద పరిశీలన కూడా 1950లో ఈ మదనపల్లె చుట్టుపక్కల పల్లెలలోనే మొదలయింది. పాత పిశాచి ఒక నిజమైన ప్రశ్నకు తప్పుడు జవాబు. ఆ జవాబు తప్పయినా ప్రశ్న వెనుక కన్నతల్లి ఏడుపు ఉన్నది. కొత్త పిశాచికి ప్రశ్నే లేదు. పాలిపోయిన ముఖం ఉన్నది, దగ్గు లేదు. నెత్తురు ఉన్నది, నెత్తురు గుడ్డ లేదు. రోగాన్ని తీసివేసి రోగి అందాన్ని మాత్రం అమ్ముకుంటున్న సాహిత్యం ఇది.

మరణాన్ని అందంగా చేసి అమ్మడం వట్టి సరదా అనేవారికి ఒక్క సంగతి చెపుతాను. చెప్పక తప్పదు గనుక చెపుతున్నాను. 2021 జనవరిలో మదనపల్లెలో, బాగా చదువుకున్న ఒక ఇంట్లో, చచ్చినవారు తిరిగి లేస్తారన్న నమ్మకానికి ఇద్దరు ఆడపిల్లలు బలి అయినారు. ఆ విషాదాన్ని ఏ నవల మీదా మోపే పాపం నేను చేయను. మనసుకు వచ్చిన జబ్బును మనసు వైద్యులు చూడవలసిందే. కాని ఆనాడు ఊరంతా అనుకున్న మాట ఒకటి ఉన్నది: ఇంత చదువు ఉండి ఇదేమిటి? ఆ ప్రశ్న మాకు ఇంకా తీరలేదు. చదువు పక్కనే చీకటి కాపురముంటుందని మాకు తెలుసు. అది తోలు అట్టల మీద పడే కొవ్వొత్తి నీడవలె ఉండదని కూడా తెలుసు. చీకటి విద్యాలయం గురించి ఎవరైనా నిజంగా రాయదలచుకుంటే ఆ ప్రశ్న దగ్గర మొదలుపెట్టాలి.

ఈ వాదం మన సాహిత్యానికి కొత్తది కాదు. 1980లలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వారపత్రికలో సీరియలుగా వచ్చి పాఠకలోకాన్ని ఊపినప్పుడు, దానిని క్షుద్రసాహిత్యమని అభ్యుదయ విమర్శకులు తీవ్రంగా ఖండించారు. చేతబడికి పెద్దపీట వేసినందుకు ఆ ఖండన న్యాయమే. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. అందులో పసిపిల్ల మీద ప్రయోగం జరగడానికి కారణం ఆస్తి. మంత్రం వెనుక డబ్బు ఉన్నదని, స్వామి వెనుక స్వార్థం ఉన్నదని తెలుగు పాఠకుడికి ఆ క్షుద్రనవల సైతం చెప్పింది. అంతకు చాలా ముందే, 1909 నాటి ‘కన్యాశుల్కం’ రెండవ కూర్పులో పూజారి గవరయ్య దయ్యాన్ని సీసాలో బిగించే ఘట్టం రాసి, దయ్యం ఎవరి సంచీలో కాసులు రాలుస్తుందో గురజాడ నవ్వుతూ చూపాడు. పండితురాలు రాసిన ఈ నవలలో దయ్యం దగ్గర డబ్బు ఉన్నది, డబ్బు మీద ప్రశ్న లేదు. వెనకబడినది ఎవరు?

ఇప్పుడు ఈ తరహాను తెలుగులోకి దించాలనే ఉత్సాహం మన యువరచయితలలో కనపడుతున్నది. వారిని నేను వద్దనను. ఆక్స్‌ఫర్డును అరువు తెచ్చుకోవద్దని మాత్రమే అంటాను. పుంగనూరు, కంగుంది జమీందారీలు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో పోయాయి. చట్టంలో చచ్చిన జమీందారీ ఊరి మర్యాదలలో, పెండ్లిళ్లలో, చెరువుకట్టమీది తగాదాలలో ఎట్లా లేచి తిరుగుతున్నదో రాయండి. అంతకంటె మంచి పిశాచకథ ఏమున్నది? పోయిన రాతప్రతి కావాలా? 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో నిప్పు లేచి భూముల దస్త్రాలు కాలిపోయాయి. గుణాఢ్యుడు కాల్చినది తన పుస్తకం. కాలిపోయిన ఈ ఆకులలో ఎవరి పొలాలున్నాయి, ఎవరి పేర్లున్నాయి? విద్యాలయం కావాలా? అనీ బిసెంటు 1915లో నెలకొల్పిన దివ్యజ్ఞాన కళాశాల మదనపల్లెలో ఉన్నది. 1919లో రవీంద్రుడు జనగణమనకు ఇంగ్లీషు అనువాదం చేసినది ఆ ఆవరణలోనే. 1997లో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలో ఉన్నది. తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు కూలికి పోయే తండ్రీ, అదే ఊళ్లో పట్టా కోసం చదివే కూతురూ ఒకే కప్పు కింద బతుకుతున్నారు. వారి నడుమ ఎన్ని చెప్పని మాటలు, ఎన్ని రాత్రులు!

ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. దయ్యం వచ్చి ఆ అక్షరాలు చదువుకుని వెనక్కు పోతుందని నమ్మేవారు. ఆ నమ్మకం మూఢమే. అయినా అక్షరానికి దయ్యాన్ని గుమ్మం దగ్గర ఆపే శక్తి ఉండాలని మాత్రం ఆ నిరక్షరాస్యులు కోరుకున్నారు. మనం చదువుకున్నవారం. పదిహేనువందల ఏండ్ల పెండ్లికొడుకు పట్టుచొక్కా తొడుక్కుని, చంకలో పుస్తకం పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. రక్తపిశాచి ఇంట్లోవారు పిలిస్తేగాని గడప దాటలేదని వారి శాస్త్రమే చెపుతున్నది. పిలిచేముందు ఆ కోటకు రాళ్లు మోసినవారెవరని అతణ్ణి అడుగుదాం. జవాబు చెప్పిన పిశాచిని లోపలికి రానిద్దాం. చెప్పలేనివాడు ఎంత అందగాడైనా బయటనే ఉండాలి.